కాకిబంగారం

గూడూరు రైలుగేటు పక్క సందులో
మా స్టూడియోలో ఒక స్టూలుంది.
దానిమీద కూర్చోగానే ఎవరైనా సరే
రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి
తీర్పు వినబోయేవాళ్ళలా బిగుసుకుంటారు.

పని నేర్పిన మస్తాన్ సాయిబు చెప్పేవాడు:
నవ్వమని చెప్పబాక అబ్బయ్యా,
చెప్పి తెప్పించిన నవ్వు పళ్ళదాకే వస్తాది.
ఒకటీ రెండూ మూడూ అనబాక,
మూడు వచ్చేసరికి మనిషి ఆడ ఉండడు.
ఊరికే ఏదో ఒకటి అడుగు.
నిమ్మకాయల బస్తా ఎంత పలికింది?
రాత్రి మీ వీధిలో కరెంటు పోయిందా?
జవాబు నాలిక మీదికి రాకముందు
కళ్ళల్లోకి వస్తాది చూడు,
అప్పుడు నొక్కు.

ఇరవై రెండేళ్ళు నొక్కాను.
పెళ్ళిచూపుల వాళ్ళని, పాస్‌పోర్టు వాళ్ళని,
పోయినాక దండ వెయ్యడానికి
గుంపు ఫోటోలోంచి కత్తిరించి పెద్దచేసిన వాళ్ళని.
లైటు ఎక్కడ పెట్టాలో
నాకు తెలుసనే అనుకున్నాను.

మొన్న వైశాఖంలో సైదాపురం అవతల
అబ్రకం ఏరే షెడ్డు కాడికి పిలిచారు.
కార్డులకి ఫోటోలు, మనిషికి ముప్పై రూపాయలు.
రేకుల గోడకి నీలం గుడ్డ కట్టాను.
ఆడవాళ్ళు డ్రమ్ము నీళ్ళతో మొఖాలు కడుక్కుని,
మెడదాకా పౌడరు, మెడ కింద ఎండ,
ఒక్కొక్కరే వచ్చి
అందరూ ఒకే మొఖం ఇచ్చిపోయారు.

చివరగా వెంగమ్మ.
కడుక్కోలేదు. పని మధ్యలోంచి లేచొచ్చింది.
రెప్పల మీద, చెంపల ముడతల్లో,
ముక్కుపుడక చుట్టూ
కాకిబంగారం పొడి.
తలుపులోంచి పడమటెండ.
ఆమె ఊపిరి తీసినప్పుడల్లా
మొఖమంతా ఒకసారి ఆరి, వెలుగుతోంది.

గొడుగు లైటు ఆమె ముందుకి లాగాను.
"యాడికి జరుపుతుండావు?" అంది.
చేతిలో మర్చిపోయిన బిళ్ళని
రెండు వేళ్ళ మధ్య పట్టి తలుపు వైపు ఎత్తింది.
"ఎలుతురికి ఎదురు బెడితే మరక కనబడతాది.
పక్కన బెడితే పొర కనబడతాది.
నీకేది కావాల?"

నలభై ఏళ్ళుగా బిళ్ళ బిళ్ళా ఎత్తి చూసి
మరకా బీటా బుడగా కనిపెట్టి
మూడు బుట్టల్లోకి విసిరే చెయ్యి అది.
నా గొడుగు ముడిచేశాను.

సాయిబు పాఠం గుర్తొచ్చి
ఏదో ఒకటి అడుగుదామనుకున్నా. మాట రాలేదు.
ఆమే అడిగింది:
"అన్నం తిన్నావా?"
లేదని నేను చెప్పబోయే లోపల,
నా జవాబు నా కళ్ళల్లోకి రావడాన్ని
ఆమె చూస్తోంది.
ఆ చూపు దగ్గర నొక్కాను.

తర్వాత కొంగుతో మొఖం తుడుచుకోమని
నీలం గుడ్డ ముందు ఇంకొకటి.
కార్డుకి చెవులు కనబడాలి కదా.
రెండూ చూపిస్తే,
తుడుచుకున్నదాన్ని చూసి "ఇది ఆఫీసుకు పోయొచ్చింది" అంది.
తుడుచుకోనిదాన్ని చూసి చాలాసేపు ఏమీ అనలేదు.
ఆనక, నాతో కాదు, పక్కామెతో:
"ఇట్టా చూస్తానా మే నేను?"

పది రోజులకి అట్టకి అంటించి తీసుకుపోయాను.
గోడకి మేకుంది, తగిలించలేదు.
"ఆడ పెడితే పోయినోళ్ళ వరసలో చేరతా" అని
బియ్యం డబ్బాలో, బియ్యం మీద పడుకోబెట్టింది.
డబ్బులు వద్దంటే
నా చొక్కా జేబులో ఒక బిళ్ళ వేసింది.
"మరక లేనిదిలే."

కెమెరా సంచిలో, లెన్సు తుడిచే గుడ్డలో ఉందది.
బస్సు కుదుపులకి
పొరపొరగా విడిపోతోంది.
నిన్న కిటికీకి పక్కగా పెట్టి లెక్కపెట్టాను.
ఏడు.
ఇంకా ఉన్నట్టున్నాయి.